గ్యాసుపొయ్యి గుర్తు మీద ఇప్పపూలు

లొద్దిగూడ క్యాంపు, ఉట్నూరు దిక్కు
ఫిబ్రవరి

పరశురాములు మామకు,

నీ రబ్బరు పాము చచ్చిపోయింది. ముందు ఆ కబురు రాసి, తర్వాత నా క్షేమం రాస్తాను.

వచ్చిన రోజే క్యాంపు గదిలో బ్యాగు తెరిచాను. తువ్వాల కింద నుంచి అది తల ఎత్తింది. నేను పెట్టిన కేకకు నాతో పనిచేసే మల్లేష్ అన్న కట్టె పట్టుకొని ఉరికొచ్చి ఎడాపెడా వాయించాడు. అది చావదు, కొట్టినకొద్దీ ఎగురుతుంది. "ఇదేం పామే చెల్లె, ఇంత కొట్టినా కొత్తగనే ఉన్నది!" అంటూ ఇంకా గట్టిగా కొట్టాడు. చివరికి తోక కింద కంపెనీ ముద్ర కనబడింది. ఆ రోజు నుంచి ఇక్కడ అందరూ నన్ను పాము మేడం అంటున్నారు. నీ కడుపు చల్లబడిందా?

ఇక నా పని. నాలుగు నెలల టెంపరరీ కొలువు. ఎండాకాలం అడవికి మంట అంటుకోకుండా కావలి కాయాలి. పొద్దున్నే ఆకులూదే మిషను వీపున కట్టుకొని, బాటల వెంట ఎండుటాకులను పక్కకు ఊదుకుంటూ పోతాం. అట్లా ఊది చేసిన వెడల్పాటి ఖాళీ గీతను ఫైర్ లైను అంటారు. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికి ఆకు దొరక్క ఆగిపోతుంది. మధ్యాహ్నం గుట్ట ఎక్కి ఎక్కడన్నా పొగ లేస్తుందా అని చూడాలి. ఉట్నూరులో ఫ్యాను కింద కుర్చీలో కూర్చొని కాగితాలు రాసే ఉద్యోగమని మా అవ్వకు, అదే నీ అక్కకు, చెప్పి ఒప్పించింది నువ్వే. ఫ్యాను ఉంది మామా. నేనే దాన్ని మోస్తున్నాను.

నిన్న వాగు ఇసుకలో పులి అడుగు చూశాను! నా అరచెయ్యి అందులో పెడితే ఇంకా చోటు మిగిలింది. రాత్రి నిద్ర పట్టలేదు, భయంతో కాదు, సంబరంతో. ఇది మాత్రం అవ్వకు చదివి వినిపించకు. ఇక్కడ ఫోను పనిచెయ్యదు. గుట్ట మీద ఒక బండ ఉంది, దాని మీద ఒంటికాలిపై నిలబడితే ఒక్క గీత వస్తుంది. "బాగున్న, తిన్న" అనేలోపు అదీ పోతుంది. అందుకే ఉత్తరాలు.

ఆఫీసరు సారు మొదటి రోజే చెప్పారు. ఎవరి బీటులో, అంటే ఎవరు కాసే అడవి ముక్కలో, ఈ ఎండాకాలం అడవి తగలబడకుండా ఉంటుందో వాళ్లను వానాకాలంలో కూడా ఉంచుకుంటారట. తగలబడిందా, మూట కట్టుడే. కరీంనగర్ దవాఖానలో రిసెప్షన్ కుర్చీ నా కోసం ఎదురుచూస్తోందని అవ్వ అంటుంది. చూడనీ. నాకు ఇక్కడే ఉండాలని ఉంది మామా.

నీ కోడలు
ప్రవళిక


గర్షకుర్తి, కరీంనగర్ జిల్లా
ఫిబ్రవరి ఆఖరు

పాము మేడం గారికి, మామ పరశురాములు దండం పెట్టి రాయునది.

పాము చావు కబురు విని మీ అత్త తిరుమల పాయసం వండింది. నేను దుఃఖంతో రెండు గిన్నెలే తిన్న.

నీ ఉత్తరం మీ అవ్వకు చదివి వినిపించిన. మా అక్క సంగతి నీకు ఎరుకే కదా, అక్షరం రాదు గానీ చెవులు మాత్రం పోలీసు కుక్కకు ఉన్నంత ఉంటయి. బీడీల చాట ఒళ్లో పెట్టుకొని, తునికాకు కత్తిరిస్తూ, "చదువు తమ్మీ, మెల్లగ చదువు" అన్నది. నేను ఏడో తరగతి ఫేలైనోన్ని. కాగితం మీద ఉన్నది చదువుడే నాకు కష్టం. లేనిది చదువుడు ఇంకెంత కష్టమో నువ్వే ఆలోచించు.

ఫ్యాను కింద కూర్చున్నవని చదివిన. మంచినీళ్లు చల్లగ దొరుకుతున్నయని చదివిన. పులి కాడికి వచ్చేసరికి నోరు ఆగలేదు. "ఆఫీసులో ఒక పిల్లి తిరుగుతున్నది, దాని అడుగు పెద్దగున్నది" అని చదివిన.

మీ అవ్వ కత్తెర ఆపింది. "ఆఫీసుల పిల్లి ఎందుకురా?"

"ఎలుకలు కాగితాలు కొరుకకుంట సర్కారే పెట్టిందక్కా."

"జీతమిస్తరా దానికి?"

"టెంపరరీ అక్కా. పిల్ల లెక్కనే."

"పాపం" అన్నది మీ అవ్వ. ఇప్పుడు రోజూ ఆ పిల్లికి పాలు పోస్తున్నరా లేదా అని అడుగుతున్నది. వచ్చే ఉత్తరంలో దాని క్షేమం కూడా రాయి, నాకు కల్పించే బాధ తప్పుతది.

ఒక్కటి చెప్త కోడలా. నువ్వు డిగ్రీ చదివి పుస్తకం లెక్క రాస్తవు. "సంబరంతో నిద్ర పట్టలేదు" అన్నకాడ మాత్రం నీ అక్షరాలు ఎగిరినయి. మా సాంచాల షెడ్డులో, కరెంటు మగ్గాల కాడ కూడా మంచి పోగు పడ్డనాడు మగ్గం చప్పుడే వేరుగుంటది. కనుక నిన్ను మూట కట్టనియ్య. ఎట్ల అని అడగకు, నాకే తెల్వదు.

నీ మామ


లొద్దిగూడ క్యాంపు
మార్చి

మామకు,

పిల్లి క్షేమం. మొన్న ఒక దుప్పిని తిన్నది. అవ్వకు పాలు తాగిందని చదువు.

మామా, ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇప్పపువ్వు రాలుతోంది. తెల్లారే జామున చెట్టు కింద నిలబడితే వాన చినుకుల్లాగ టప్ టప్ అని పడుతుంది. అడవంతా తియ్యటి వాసన. గూడెం వాళ్లకు ఈ పువ్వు ఏడాది పొడుగునా అక్కరకొచ్చేది. వండుకుంటారు, ఎండబెట్టి దాస్తారు, సంతకు తీసుకుపోతారు. కానీ చెట్టు కింద మోకాలు లోతు ఎండుటాకు. పువ్వు అందులో పడితే కనబడదు. అందుకని ముందే చెట్టు కింద ఆకుకు అగ్గిపుల్ల గీస్తారు. ఆకు కాలి నేల నున్నగా అవుతుంది. తాతల నాటి నుంచి అదే పద్ధతి. అయితే ఇప్పుడు గాలి లేస్తే ఆ మంట చెట్టు కిందనే ఆగడం లేదు, గుట్ట ఎక్కుతోంది.

నేను గూడెంలో గంగుబాయి దగ్గరికి పోయి అగ్గి పెట్టొద్దని మంచిగా చెప్పాను. గంగుబాయి మాటంటే ఆడవాళ్లందరికీ మాటే. ఆమె నన్ను కిందా మీదా చూసింది.

"ఆకులల్ల పువ్వు ఎట్ల ఏరాలె? నీ కండ్లు తీసి ఇస్తవా?"

"ఊడ్చుకోండి అవ్వా."

"నువ్వే ఊడ్వు. ఒక్క చెట్టు ఊడ్చి సూపియ్యి."

నేను ఊరుకుంటానా? పొరక పట్టాను. ఒక చెట్టు కింద అద్దంలాగ ఊడ్చి ఇటు తిరిగేసరికి గాలి వచ్చి మళ్లీ కప్పేసింది. గంగుబాయి గట్టు మీద కూర్చొని నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. మిషనుతో ఊదితే ఆకుతోపాటు పువ్వూ ఎగిరిపోతుంది. ఎవరో ఒకామె నిన్న అగ్గి పెట్టనే పెట్టింది. మల్లేష్ అన్న, నేను పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పాం. నా ఎడమ కనుబొమ్మ కొంచెం కాలింది. ఇది కూడా అవ్వకు వద్దు.

సారు వచ్చి చూసి, "ఈసారికి వదిలేస్తున్నా. ఇంకోసారి మంట గుట్ట ఎక్కితే నీ పని ఇంతటితో ఆఖరు" అన్నారు. పువ్వు ఇంకా నెల రోజులు రాలుతుంది మామా. గంగుబాయి తప్పు కాదు, నా తప్పూ కాదు. ఏం చెయ్యమంటావు?

ప్రవళిక


గర్షకుర్తి
మార్చి

ఒంటి కనుబొమ్మ కోడలికి,

నీ ఉత్తరం చదివి నేను సాంచా బంద్ చేసి కూర్చున్న. మా షెడ్డు ఆసామి వచ్చి, "ఏమైందిరా పరశురాములూ, కరెంటు పోయిందా?" అన్నడు. "కరెంటు గిప్పుడే వచ్చింది సేటూ, నా తలకాయలోకి" అన్న.

పిచ్చిదానా, నేల ఊడ్వవలసిన పనేమున్నది? నేలను కనబడకుండ చేస్తే అయిపాయె! ఆకులు ఆకుల మాదిరిగనే ఉండనీ, వాటి మీద బట్ట పరువు. పువ్వు బట్ట మీద పడుతది. నాలుగు చెంగులు పట్టి ఎత్తితే పువ్వంతా మూటలోకి వస్తది. వంగుడు లేదు, ఏరుడు లేదు, అగ్గిపుల్ల లేదు. మేము నేసేటోళ్లం, మాకు బట్టకు కరువా?

మా షెడ్డులో నేత తప్పిన చీరలు ఒక మూట పడి ఉన్నయి. సగం చీరలకు అంచు ఒకదిక్కే ఉన్నది, సగం చీరలకు కొంగు నడుమలో వచ్చింది. పడుగు ఎక్కించినోడు ఆ రోజు ఏ లోకంలో ఉన్నడో. (నేనే.) అవన్నీ ఆసామిని అడిగి తీసుకున్న. రేపటి బస్సులో మూట ఉట్నూరుకు వస్తది, మల్లేష్‌ను పంపి దింపుకో. ఈసారి మూటలో పాము లేదు, ఒట్టు. తేలు ఉన్నది. అది కూడా రబ్బరుదే, గంగుబాయికి నా తరఫున ఇయ్యి.

మీ అవ్వకు నీ కనుబొమ్మ సంగతి చదువలేదు. ఆఫీసులో కంప్యూటరు నేర్పుతున్నరని చదివిన. "కండ్లు పోతయేమో, జర దూరం కూసోమని రాయి" అన్నది. రాసిన.

ఇగ చూడు, నీ అడవి ఎట్ల మెరుస్తదో. కుర్చీ నీదే, కాదు, గుట్ట నీదే.

నీ మామ
ఏడో తరగతి ఫేలు, అడవుల సలహాదారు


లొద్దిగూడ క్యాంపు
మార్చి ఆఖరు

అడవుల సలహాదారు మామకు,

మూట అందింది. పరిచాం. తెల్లారి చూస్తే చెట్ల కింద ఒక్క చీర లేదు!

దొంగలు పడ్డారనుకొని నేను, మల్లేష్ అన్న వాగు దాకా వెతికాం. ఆ రోజు పక్క గూడెంలో పెండ్లి. అక్కడికి పోయి చూద్దును కదా, లొద్దిగూడ ఆడవాళ్లందరూ నీ చీరలే! ఒకటే రంగు, ఒకటే పువ్వు, సగంమందికి నడుమలో కొంగు. వరుస కట్టి డెమ్సా ఆడుతున్నారు. ఆసిఫాబాద్ నుంచి వచ్చిన మగపెండ్లివాళ్లు, "అంగన్‌వాడీ మీటింగుందా ఇయ్యాల?" అని అడుగుతున్నారు. నాకు ఏడుపు రావాలి, నవ్వొచ్చింది. నన్ను కూడా లాగి వరుసలో కలిపారు. రాత్రి దాకా ఆడాను మామా, కాళ్లు ఇప్పటికీ నొప్పి.

మర్నాడు గంగుబాయిని నిలదీశాను. ఆమె తేలును జడలో గుచ్చుకొని కూర్చుంది (నీ తేలు ఆమెకు తెగ నచ్చింది).

"కొత్త చీర మన్నుల పరుస్తరా ఎవలన్న? మనిషి కట్టుకునే బట్ట మీద కాలు పెడ్తమా? మీ మామ బట్ట నేసేటోడు అంటివి. గా మాత్రం ఎరుక లేదా ఆయనకు?"

"అంచు ఒకదిక్కే ఉంది కదా అవ్వా, పనికిరాని చీరలని..."

"అంచు లేని దిక్కు లోపలికి దోపుకుంటం. పనికిరాకపోవుడేంది?"

దీనికి జవాబు నువ్వే రాయి మామా.

ఇప్పుడు పువ్వు జోరుగా రాలుతోంది. గంగుబాయి నాకు ఆదివారం దాకా గడువిచ్చింది. "నీ మీద పావురంతోటి, ప్రేమతోటి ఆగిన బిడ్డా. మా పువ్వు ఆకుల్ల పడి మురుగుతున్నది. ఆదివారం దాటితే అగ్గిపుల్ల గీసుడే" అంది. సారు మాట నీకు గుర్తుంది కదా. మామా, త్వరగా.

ప్రవళిక


గర్షకుర్తి
మార్చి ఆఖరు

కోడలా,

గంగుబాయికి చెప్పు, నేను చెంపలు వేసుకున్న అని. రోజూ మగ్గానికి మొక్కి కాలు కింద పెట్టేటోన్ని, చీరను నేల మీద పరువుమని రాసిన చెయ్యి నాదే. ఆమె తిట్టింది తక్కువే. మీ అత్త తిరుమల మిగతాది పూర్తి చేసింది.

ఇప్పుడు మనకు కావల్సింది ఎవ్వలూ కట్టుకోని బట్ట. మనిషి ఒంటి మీద వేసుకుంటే కుక్కలు మొరగాలె. అసొంటి బట్ట ఈ జిల్లా మొత్తంలో ఒక్కని కాడనే ఉన్నది. మా వీధి కొండల్.

మొన్న పంచాయితీ ఎలక్షన్లలో కొండల్ వార్డు మెంబరుకు నిలబడ్డడు కదా, గ్యాసుపొయ్యి గుర్తు మీద. మనిషి వార్డుకు నిలబడి జెండాలు మాత్రం ఎమ్మెల్యే లెక్క నేయించిండు. వంకాయ రంగు బట్ట, నిండా తెల్లటి గ్యాసుపొయ్యిలు. తాన్లకు తాన్లు. కోసి జెండాలు కుట్టేలోపలే ఎలక్షన్ అయిపాయె. ఆయనకు ఇంట్ల ఓట్లే అన్నీ పడలేదు. అప్పటి సంది మనిషి పొద్దుగూకినంకనే బయటికి వస్తున్నడు. బట్ట మంచం కింద ఉన్నది.

పోయి తలుపు కొట్టిన. "కొండలన్నా, నీ గుర్తు అడవి దాక పాకింది. లొద్దిగూడల ఆడోళ్లందరు గ్యాసుపొయ్యి బట్టనే కావాలంటున్నరు" అన్న.

"మజాక్ చెయ్యకు పరశురాములూ. ముందే నా పానం బాగలేదు."

"మా కోడలు ఉత్తరం చూడు" అని నీ ఉత్తరం ముఖం మీద ఆడించిన. చదువనిస్తనా? మనిషి కండ్లల్ల వెలుగొచ్చింది. "నేనే తీస్కపోత. నా బట్ట నా చేతుల మీదనే పోవాలె" అన్నడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి, మీసానికి రంగేసి, రేపు పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతున్నడు. ఈ ఉత్తరం కూడా ఆయన చేతికే ఇస్తున్న, అంటించి. ఆయన ఊరేగింపు ఉంటదనుకుంటున్నడు. జర చూసుకో.

నీ మామ


లొద్దిగూడ క్యాంపు
ఏప్రిల్

మామా! మామా! మామా!

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

కొండలన్న శనివారం సాయంత్రం దిగాడు. దిగుతూనే నలుదిక్కులా నమస్కారం పెట్టాడు. అక్కడ మల్లేష్ అన్న, ఒక మేక ఉన్నారు. బట్ట చెట్ల కింద పరుస్తామని చెప్పగానే ఆయన ముఖం చిన్నబోయింది. "నా గుర్తును నేల మీద పరుస్తరా? అంత కానివాన్నైనానా?" అని మూట మీద కూర్చొని లేవలేదు. నీ మీద నాకు చాలా కోపం వచ్చింది మామా. నవ్వించడం వేరు, ఆయన ముఖం నువ్వు చూడాల్సింది.

గంగుబాయి ఆయన పక్కన కూర్చుంది. మెల్లగా అడిగింది.

"ఓట్లు పడ్డయా బాబూ?"

"పడలే."

"పూలు పడ్తయి. పరిచి చూడు."

ఆయన ఏమనుకున్నాడో, లేచాడు. చీకటి పడేదాకా ఆయనే చెట్టు చెట్టుకూ ఒక బట్ట తాను విప్పి పరిచాడు, ముడతలు సరిచేశాడు. తెల్లారి మేమందరం పోయి నిలబడ్డాం. ఇప్పపువ్వు టప్ టప్ అని ఆ తెల్లటి గ్యాసుపొయ్యిల మీద రాలుతోంది. చూస్తుండగానే వంకాయ రంగు మొత్తం పూలతో కప్పుకుపోయింది. కొండలన్న చెయ్యెత్తి ముఖం తుడుచుకున్నాడు. "ఒక్క ఓటు లేని ఊర్లె ఇన్ని పూలా!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, నేను కూడా.

ఆడవాళ్లు నాలుగు చెంగులు పట్టి ఎత్తారు. పొద్దెక్కేసరికి గంపలు నిండాయి! నడుము వంచకుండానే! ఇక అగ్గిపుల్ల మాట ఎత్తినవాళ్లు లేరు. ఆ బట్టను ఎవరూ కట్టుకోనూ లేదు. గంగుబాయి మనవరాలు ఒకసారి ఒంటికి చుట్టుకుంది, మేక బెదిరి పారిపోయింది.

అసలు సంగతి విను మరి. మూడో రోజు మధ్యాహ్నం గుట్ట మీది నుంచి చూస్తే వాగు అవతల, మా బీటు కానిచోట, పొగ! గాలి మా దిక్కే. నేను కేకలు పెట్టుకుంటూ దిగాను. మల్లేష్ అన్న మిషను వేసుకొని ఫైర్ లైను మీద కొత్తగా రాలిన ఆకును ఊదుతూ పరుగెత్తాడు. గూడెం గూడెమంతా వచ్చింది మామా. సగంమంది బట్టలు చుట్టి వెనక్కి మోశారు, సగంమంది పచ్చి కొమ్మలు విరిచారు. మంట బుసలు కొడుతూ వచ్చి మా గీత దగ్గర ఆగింది. ఒక్క నిప్పుటాకు గాలికి ఎగిరి ఇవతల పడింది. నేను ఉరికేలోపల కొండలన్న తెల్లచొక్కా విప్పి దాని మీద పడి కొట్టి కొట్టి ఆర్పాడు. చాప అంత మేర నల్లబడింది, అంతే.

సారు జీపులో వచ్చారు. నల్లబడ్డ చోటు చూశారు. తర్వాత అడవంతా మళ్లీ పరుస్తున్న గ్యాసుపొయ్యి గుర్తులు చూసి, "ఎవరిదీ ప్రచారం?" అని గద్దించారు.

గంగుబాయి జడలో తేలు సర్దుకొని చెప్పింది: "పూలు పట్టే బట్ట సారూ. పొయ్యిలున్నయి గానీ మంట లేదు."

సారు నవ్వాపుకోలేకపోయారు. పోయేముందు నాతో, "వానాకాలం కూడా ఉంటావా అమ్మా?" అన్నారు. ఉంటానని నేను అనలేదు, అరిచాను.

కానీ అవ్వకు ఎట్లా చెప్పాలి? నాలుగు నెలలే అన్నాం కదా. కుర్చీ సంగతి ఉంది. నువ్వే ఏదన్నా చదువు మామా, మంచిగా, నమ్మేటట్టు.

ప్రవళిక

మరిచాను. కొండలన్న రేపు బయలుదేరుతున్నాడు. ఇక్కడి సంగతులు అవ్వ ముందు ఎత్తొద్దని చెప్పాను. తలూపాడు.


గర్షకుర్తి
ఏప్రిల్ ఆఖరు

బిడ్డ ప్రవళికకు మీ అవ్వ చెప్పుడు, మీ మామ రాసుడు.

(ముందుగా నా మాట ఒక్కటి. కొండల్ తలూపుడు మీద నమ్మకం పెట్టుకున్నవంటే నీ డిగ్రీ దండుగ. బస్సు దిగి ఇంటికి గూడ పోలేదు, సక్కగ మీ అవ్వ బీడీల చాట ముందు కూసుండి పులి, మంట, కనుబొమ్మ అన్నీ చెప్పిండు. ఇప్పుడు మీ అవ్వ నా నెత్తి మీద నిలబడి చెప్తున్నది. తిరుమల పక్కన కూసుండి నేను ఉన్నది ఉన్నట్టు రాస్తున్ననా లేదా చూస్తున్నది. ఇగ ఆమె మాటలు.)

ఓ పిల్లా. నీకు బుద్ధున్నదా? మీ మామకంటే పుట్టినప్పుడే లేదు. ఫ్యాను కింద కూసున్నవని నేను వాడకట్టు మొత్తం చెప్పుకుంటి. ఆ పిల్లికి పాలు పొయ్యమని పోరు పెడ్తి. మీ మామ రోజు తలకాయ ఊపుకుంట విన్నడు, దొంగ సచ్చినోడు. (ఇది కూడా రాయమన్నది.) చాట తోటి రెండు ఇచ్చిన. (నాలుగు.)

కనుబొమ్మ వచ్చిందా? కొబ్బరినూనె రాయి.

కొండల్ కూసుండి అడివి సంగతి చెప్పుకుంట చెప్పుకుంట, నా చాటల ఆకు పట్టుకొని అన్నడు, "వదినా, ఈ తునికాకు చెట్లు ఆడ కోకొల్లలు, నీ బిడ్డ వాటి నడుమనే తిరుగుతది" అని. నేను కత్తెర ఆపిన.

చిన్నప్పటి సంది ఈ ఆకే కత్తిరిస్తున్న బిడ్డా. కట్టలల్ల ఎండి వస్తది, నీళ్లల్ల నానవెడ్త, కత్తిరిస్త, చుడ్త. నా వేళ్లకు దాని ఈనెలన్నీ ఎరుకే. చెట్టు మాత్రం ఎట్లుంటదో నేను ఇంతవరకు చూడలే. పొడుగుంటదా, పొట్టిగుంటదా, పువ్వు పూస్తదా, ఎవల్నీ అడుగలే. ఎవలూ చెప్పలే. నువ్వు దాన్ని మంటల నుంచి కాపాడుతున్నవట.

దవాఖానోళ్లకు వేరే పిల్లను చూసుకోమని చెప్పిన. ఆ కుర్చీల ఎవలన్నా కూసుంటరు.

నేను వచ్చి ఆ చెట్టు చూస్త. ఇప్పుడే వస్తనంటే కొండల్ వద్దన్నడు, ఇప్పుడు ఆకుకోత నడుస్తదట, చెట్లు బోసిగుంటయట. వానలు పడ్డంక పచ్చగ నిండుతయట. అప్పుడు వస్త. మీ మామను తోలుకొస్త, పిల్లి తిరిగే బాటల వాన్ని ముందు నడిపిస్త. ఆ సచ్చిన రబ్బరు పామును పారెయ్యకు, వాడు పండుకునే సాప కింద పెట్టాలె. (ఇది నా చేతితోనే రాయించింది, నా గతి చూడు కోడలా.)

వానలు పడేదాక నువ్వు ఆడనే ఉండాలె మరి. లేకపోతే నాకు చెట్టు ఎవలు చూపిస్తరు?

(కింద ఉన్నది మీ అవ్వ బొటనవేలు గుర్తు కాదు. బీడీల చాటలోంచి ఒక ఆకు తీసి, అన్నం మెతుకు పెట్టి తానే అంటించింది.)